పగ యెఱుగని ఖైదీ

(వియత్నాము మేత్రాణులు న్గుయెన్ వాన్ థువాన్ జీవితమును గూర్చి ఒక సభయందు గావింపబడిన యుపన్యాసము)



ఆగస్టు 15వ తేది యనగానే మన మనస్సులందు మెదలునది 1947వ సంవత్సరము. నేడు నేను మీకు విన్నవింపదలచినది మఱియొక ఆగస్టు 15వ తేది కథ. సంవత్సరము 1975, స్థలము వియత్నాము దేశమందలి సైగాన్ నగరము. ఆ నగరము కమ్యూనిస్టు సైన్యముల వశమై అప్పటికి మూడున్నర నెలలు మాత్రమే గడచియుండెను. ఆ దినము కతోలికులకు మరియమాత మోక్షారోపణ మహోత్సవము. మధ్యాహ్నము రెండు గంటలవేళ, నలువదియేడేండ్ల వయస్సుగల యొక మేత్రాణులకు రాజభవనమునకు రావలసినదిగా పిలుపు వచ్చెను. ఆ భవనము పేరు స్వాతంత్ర్య సౌధము. ఆయన ఒంటిమీది అంగీతోను, జేబులోని జపమాలతోను బయలుదేఱెను. వెనుకకు మఱలి రాలేదు.

పదుమూడు సంవత్సరముల మూడు నెలల యాఱు దినములు ఆయన బందీగా నుండెను. అందు తొమ్మిదేండ్లు ఏకాంతవాసము. ఇంతకాలములో ఒక్కనాడైనను ఆయనను న్యాయస్థానమున నిలువబెట్టలేదు. సాక్షులు లేరు, వాదము లేదు, తీర్పు లేదు, ఇన్ని యేండ్లని శిక్షాకాల నిర్ణయమును లేదు.

ఆయన పేరు ఫ్రాన్సిస్ జేవియర్ న్గుయెన్ వాన్ థువాన్. ఆయన మతము మనలో ననేకుల మతము కాదు. ఆయన దేశము మన దేశము కాదు. అయినను ఆయన కథ మనకు పరాయిది కాదని నా విన్నపము. విచారణలేని చెఱ యెట్టిదో ఈ దేశ మెఱుగును. 1919లో రౌలటు చట్టము వచ్చినప్పుడు, వకీలును వాదమును అప్పీలును లేని చట్టమని దేశమంతయు దానిని గర్హించెను. ఆ యాగ్రహమునుండియే మన జాతీయోద్యమము సామాన్యజనుల యుద్యమమైనది. విదేశప్రభుత్వము చేసినప్పుడు అన్యాయమని మన మెలుగెత్తి చాటిన కార్యము, స్వదేశప్రభుత్వము చేసినంతమాత్రమున న్యాయమగునా? ఈ ప్రశ్నను మనస్సునం దుంచుకొని యీ జీవితమును వినవలసినదిగా ప్రార్థించుచున్నాను.

థువాన్ 1928వ సంవత్సరము ఏప్రిలు 17వ తేదిని మధ్యవియత్నామునందలి హుయే నగరమున జన్మించెను. హుయే అప్పటి రాజులకు రాజధాని. ఆ రాజవంశమువారిలో మిన్ మాంగ్, తు దుక్ మున్నగువారు పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవమతమును నిషేధించి, గురువులను విశ్వాసులను వధింపజేసిరి. థువాన్ యింట ఈ కథలు పుస్తకములలో చదివినవి కావు, పెద్దల నోట విన్నవి. ఆయన ముత్తాత పదునైదేండ్ల బాలుడై యున్నప్పుడు, ఆ బాలుని తండ్రి మతముకొఱకు చెఱలో నుండెను. బాలుడు దినమునకు ముప్పది కిలోమీటర్లు నడచి, తండ్రికి గుప్పెడన్నమును ఉప్పును అందించి వచ్చుచుండెనట. 1885లో ఆయన తల్లివైపు గ్రామమందలి క్రైస్తవులను వారి చర్చిలోనే తగులబెట్టిరి. మలయాదేశమున చదువుకొనుచుండుటచేత తాతగా రొక్కరు బ్రదికిరి. ఆయన అవ్వకు చదువు రాదు. ఐనను ప్రతిరాత్రియు ఇంటిల్లిపాదియు ప్రార్థన ముగించిన పిదప, ఆమె గురువులందఱి క్షేమముకొఱకు మఱియొకమాఱు జపమాల చెప్పుకొనుచుండెను. తల్లి ఎలిజబెత్ ప్రతిరాత్రి పిల్లలకు బైబిలు కథలును, పూర్వుల కష్టముల కథలును చెప్పి, పగవారిని క్షమింపవలెనని బోధించుచుండెను. పిన్ననాట విన్న యీ మాటలే పిమ్మట ఆయనకు దారిబత్తెమైనవి.

ఇంతవఱకు విన్నవారికి ఈ కథయందు హింసించినవారు ఒక ప్రక్కను, సాధువులు ఒక ప్రక్కను స్పష్టముగా నిలిచినట్లు తోచవచ్చును. కాని రెండవ ప్రక్క వాదమును కూడ విననిది ధర్మము కాదు. ఫ్రెంచివారు 1858లో వియత్నాముపై దండెత్తినప్పుడు, మతగురువుల వధనే సాకుగా జూపిరి. దానిచే దేశాభిమానులలో ననేకులకు క్రైస్తవుడనగా ఫ్రెంచివాని నీడ యను శంక నాటుకొనెను. 1954లో ఫ్రెంచివారు దియెన్ బియెన్ ఫూ వద్ద ఓడిపోగా, జెనీవా సంధిచే దేశము రెండుగా చీలెను. ఉత్తరభాగము కమ్యూనిస్టుల పాలనలోనికి వచ్చెను. లక్షలకొలది కతోలికులు ఇండ్లువాకిండ్లు విడిచి దక్షిణమునకు తరలిపోయిరి. దక్షిణమున అధికారము వహించిన న్గో దిన్ దియెమ్ థువాన్‌కు స్వయముగా మేనమామ. ఆయనయు దేశాభిమానియే, ఫ్రెంచివారి పెత్తనమును సహింపజాలక 1933లో మంత్రిపదవిని విడిచినవాడు. అయినను అధ్యక్షుడైన పిదప ఆయన ప్రభుత్వము ప్రతిపక్షులను చెఱసాలల నింపెను. 1963 మే నెలలో హుయే నగరమున బౌద్ధులు ధర్మపతాకముల నెగురవేయుటకు అనుమతి కోరగా, తుపాకులు ప్రేలి ప్రజలు మరణించిరి. జూన్ 11న తిక్ క్వాంగ్ దుక్ అను బౌద్ధభిక్షువు సైగాన్ వీథిలో తన దేహమునకు తానే నిప్పంటించుకొని ఆ యన్యాయమును లోకమునకు చాటెను. ఆ సంవత్సరము నవంబరు 2న సైనికులు దియెమ్‌ను, ఆయన తమ్ముని చంపివేసిరి. మఱుచటి యేడు మఱియొక తమ్ముడు మరణశిక్ష పొందెను. అంతకు పూర్వమే 1945లో పెద్దన్న చంపబడియుండెను. థువాన్ తల్లి ఈ విధముగా నలుగురు సోదరులను పోగొట్టుకొనెను.

ఈ సంగతులను మఱుగుపఱచి థువాన్‌ను స్తుతించుట సత్యమునకు ద్రోహము. దియెమ్ చేసిన తప్పులు తప్పులే. బౌద్ధుల దుఃఖము నిజమైన దుఃఖమే. కాని మేనమామ తప్పులకు మేనల్లుని శిక్షించు ధర్మశాస్త్ర మేది? మేనల్లుడే తప్పు చేసియుండినయెడల దానిని విచారణలో ఋజువుచేయుటకు అడ్డమేమి? తలుపులు మూసి తాళము వేసిన ప్రభుత్వము ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పలేదు.

థువాన్ 1953 జూన్ 11న గురుపట్టము పొందెను. తరువాత రోమునగరమునకు వెడలి, 1959 వఱకు శ్రీసభ ధర్మశాస్త్రము నభ్యసించి పండితుడై తిరిగివచ్చెను. హుయేలో గురువిద్యార్థులకు బోధించెను. 1967లో పోపు ఆఱవ పౌలుగారు ఆయనను సముద్రతీరమందలి న్యా ట్రాంగ్ పీఠమునకు మేత్రాణులుగా నియమించిరి. ఆ పీఠమునకు అంతవఱకు విదేశీయులే అధిపతులుగా నుండిరి. వియత్నామీయుడు ఆ పీఠ మెక్కుట అదే ప్రథమము. యుద్ధము నలుదిక్కుల చెలరేగుచున్న దినములవి. ఆ యెనిమిదేండ్లలో ఆయన పీఠమున పెద్ద గురువిద్యాలయపు విద్యార్థులు 42 మందినుండి 147 మంది యైరి. చిన్న విద్యాలయమువారు 200 నుండి 500కు పెరిగిరి. విదేశగురువులపై ఆధారపడక, ఈ మట్టిలో పుట్టినవారే ఈ సంఘమును నడపవలెనని ఆయన దీక్ష. క్రైస్తవుడు విదేశీయుని నీడ యను నిందకు ఇంతకన్న మంచి ప్రత్యుత్తరముండునా?

1975 ఏప్రిలు 24న పోపుగారు ఆయనను సైగాన్ అగ్రపీఠమునకు ఉత్తరాధికారముగల సహాయపీఠాధిపతిగా నియమించిరి. ఆఱు దినములకు, ఏప్రిలు 30న, సైగాన్ పడిపోయెను. ఓడలమీదను విమానములమీదను వేలకొలది జనులు దేశమును విడిచి పోవుచుండగా, ఆయన తనకు నియమింపబడిన నగరమునకు వచ్చి యచటనే నిలిచెను. క్రొత్త ప్రభుత్వమువారు ఆ నియామకమును వాటికను, సామ్రాజ్యవాదులు కూడి పన్నిన కుట్రగా భావించిరి. తుదకు ఆగస్టు 15 వచ్చినది. మొదట నేను చెప్పిన పిలుపును వచ్చినది.

ఆ రాత్రియే ఆయనను 450 కిలోమీటర్ల దూరమునకు, తన పూర్వపీఠమైన న్యా ట్రాంగ్ సమీపమునకు గొనిపోయి, కాయ్ వోంగ్ అను గ్రామమున కాపలాలో నుంచిరి. దారిపొడుగునను ఆయన మనస్సున దుఃఖము, విడిచివచ్చిన జనులనుగూర్చిన చింత పెనగొనుచుండెనని ఆయనయే పిమ్మట వ్రాసియున్నాడు. తన ప్రజతో మాటలాడుటకు వీలులేదు. అయిన నేమి చేయవలెను? విడుదలకొఱకు ఎదురుచూచుచు కాలము గడపుటా? ఆయన అట్లు చేయదలచలేదు. ఉన్న క్షణమునే ప్రేమతో నింపుకొని జీవింపవలెనని నిశ్చయించుకొనెను. అక్టోబరు నెలలో ఒక యుదయము అయిదు గంటలకు, ఇంకను చీకటి విడువకమునుపు, పూజనుండి తిరిగిపోవుచున్న యేడేండ్ల బాలుని సైగచేసి పిలిచి, పాత క్యాలెండరులు కొని తెమ్మని తల్లితో చెప్పుమనెను. ఆనాటి సాయంకాలము చీకటిలో బాలుడు ఆ కాగితములు తెచ్చి యిచ్చెను. అక్టోబరు, నవంబరు నెలలలో ప్రతిరాత్రియు ఆయన ఆ కాగితముల వెనుకప్రక్క చిన్నచిన్న బోధవాక్యములు వ్రాసెను. ప్రతి యుదయము బాలుడు వచ్చి వానిని గొనిపోవును. ఇంటిలో అన్నలు, అక్కలు వానికి నకళ్లు వ్రాసి పంచిపెట్టుదురు. ఇట్లు పుట్టినది వేయిన్నొక్క వాక్యముల గ్రంథము. దాని పేరు ఆశామార్గము అని యర్థమిచ్చును. ఆ పుస్తకము సముద్రములు దాటి యనేక భాషలలోనికి పోయినది.

చెఱలో గ్రంథములు పుట్టుట మనకు క్రొత్త కాదు. తిలకుమహాశయుని గీతారహస్యము మాండలే చెఱలో పుట్టినది. మన ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి వెల్లూరు చెఱలో పుట్టినది. కాగితమును కలమును ఇచ్చిన చెఱలో వ్రాయుట యొక విధము. ఏడేండ్ల పసివాని ధైర్యమును నమ్ముకొని, పాత క్యాలెండరు వెనుక వ్రాయుట వేఱొక విధము. ఆ పుస్తకమునకు ఆయన యెంత కర్తయో, ఆ బాలుడును, ఆ యింటివారును అంత కర్తలని నా నమ్మకము.

1976 మార్చి నెలలో ఆయనను ఫూ ఖాన్ చెఱసాలకు మార్చి, ఒంటరికొట్టులో నుంచిరి. ఆ గదికి కిటికీ లేదు. చెమ్మచే పడకమీద బూజు పుట్టుచుండెను. ఒకప్పుడు దీపము పగలును రాత్రియు వెలుగుచునే యుండును. ఒకప్పుడు దినములకొలది చిమ్మచీకటి. గాలి యాడక ఊపిరి సలుపనప్పుడు, తలుపు క్రిందనున్న చిన్న రంధ్రమువద్ద ముఖ ముంచి నేలపై పండుకొని గాలి పీల్చుకొనుచుండెను. వర్షము కురిసినప్పుడు ఆ రంధ్రముగుండ పురుగులు లోనికి ప్రాకి వచ్చుచుండెను. వానిని త్రోలుటకైనను ఆయనకు శక్తి చాలలేదు. ప్రార్థన చేయజాలని దినములును గడచెను.

ఆ దినములలో ఆయనను దేహబాధకన్న మిక్కిలిగా బాధించిన తలపు వేఱు. తన వయస్సు నలువదియెనిమిదేండ్లు, పనిచేయవలసిన వయస్సు. ఎనిమిదేండ్ల యనుభవము. విద్యాలయములు, యువజనసంఘములు, గ్రామములలో ప్రారంభించిన పనులు, అన్నియు చేతినుండి జాఱిపోయినవి. ఏల నాకిట్లయ్యెనని పరితపించుచుండగా, ఒక రాత్రి ఆయనకు అంతరాత్మయం దొక సమాధానము తోచెనట: భగవంతుడు వేఱు, భగవంతుని పనులు వేఱు, ఆ పనులు ఎంత మంచివైనను అవి భగవంతుడు కావు, ఆయన కావలెనన్నచో వానిని నీకన్న సమర్థులకు అప్పగింపగలడు, నీవు ఎన్నుకొన్నది ఆయననా, ఆయన పనులనా? ఈ సమాధానముతో ఆయనకు శాంతి కలిగెను. మతవిశ్వాసము లేనివారికి కూడ ఇందు గ్రహింపదగినది కలదు. దేశసేవకులమని చెప్పుకొను మనలో ఎందఱము మన పదవిని, మన సంఘమును, మన పేరును దేశమే యని భ్రమపడుచున్నాము! అవి పోయిననాడు మిగులునది యేదో, అదియే మనము నిజముగా సేవించినది.

1976 డిసెంబరు 1న ఆయనను పదునైదువందలమంది ఖైదీలతోగూడ హైఫాంగ్ అను ఓడలోనికెక్కించి ఉత్తరమునకు పంపిరి. చేతులకు గొలుసులు, ఓడ అడుగున చీకటికొట్టు, చుట్టును ఆకలి, దుర్గంధము, నిరాశ. ఆ ఖైదీలలో ఒకడు ఉరివేసికొన యత్నింపగా, తోడివారు ఆయనను పిలిచిరి. ఆయన ఆతని నోదార్చి బ్రదికించెను. ఈ యోడయే నా దేవాలయము, ఈ ఖైదీలే నా ప్రజ యని ఆయన తలంచెను. అంతకుముందు తన పీఠమునుండి తన్ను దూరము చేసిరని దుఃఖించినవాడు, ఇప్పుడు క్రొత్త పీఠము దొరకినదని సంతోషించెను. కైస్తవులు, బౌద్ధులు, ఏ మతమును లేనివారు, అందఱును ఆ పీఠములోనివారే.

ఉత్తరమున కొండలలోని విన్ ఫూ శిబిరమున ఆయన కట్టెలు కొట్టెను. అచట యాబదిమంది యొక జట్టు. అందఱికిని ఒకే పొడవైన పడక. మనిషికి యాబది సెంటీమీటర్ల వెడల్పు చోటు. కతోలికులకు దివ్యపూజ లేనిదే ప్రాణము నిలువదు. పూజకు ద్రాక్షారసమును అప్పమును కావలెను. ఆయన నిర్బంధములో పడిన క్రొత్తలోనే, అవసరమైన వస్తువులకు ఇంటికి వ్రాసికొనవచ్చునని అనుమతి యిచ్చిరి. కడుపునొప్పికి మందుగా కొంచెము ద్రాక్షారసము పంపుడని ఆయన వ్రాసెను. విశ్వాసులు అర్థము గ్రహించిరి. కడుపునొప్పి మందని చీటి యంటించిన చిన్న సీసా వచ్చెను. చెమ్మ తగులకుండ టార్చిలైటులో దాచిన అప్పములును వచ్చెను. కావలివారు కడుపునొప్పియా యని యడిగిరి, మందు చేతికిచ్చిరి. నాటినుండి దినదినము అరచేతిలో మూడు బొట్లు ద్రాక్షారసము, ఒక బొట్టు నీరు ఉంచుకొని ఆయన పూజ నడపుచుండెను. శిబిరమున రాత్రి తొమ్మిదిన్నరకు దీపము లార్పివేయుదురు. అప్పుడు ఆయన పడకపై వంగి, కంఠస్థమైన మంత్రములతో పూజ సల్పి, దోమతెర క్రిందనుండి ప్రక్కవారికి ప్రసాదము నందించుచుండెను. సిగరెట్టు పెట్టెల కాగితముతో చిన్న సంచులు చేసి, అందు ప్రసాదమును భద్రపఱచి, ఖైదీలు ఒకరినుండి యొకరికి చేరవేయుచుండిరి. బంగారుపాత్రలు గల దేవాలయము లెన్నియో లోకమున గలవు. ఆ యరచేతికన్న పవిత్రమైన పాత్ర యుండునా యని వినువారికి తోచకపోదు.

పిమ్మట ఆయనను హనోయి ప్రాంతమునకు మార్చి, ఏండ్లతరబడి ఒంటరిగా నుంచిరి. తోడు ఇద్దఱు కావలివారు. వారు ఆయనతో మాటలాడరు. అడిగినచో అవును, కాదు అనుటయే. ఇచ్చుటకు ఆయనవద్ద ఏ వస్తువును లేదు. ఇచ్చుటకు ప్రేమ యున్నదికదా యని ఒకనాటి రాత్రి ఆయనకు తోచెను. మఱునాటినుండి చిఱునవ్వు నవ్వెను. తాను తిరిగిన దేశముల కథలు చెప్పెను. అచటి జనులు, విద్యలు, వృత్తులు ఎట్టివో వివరించెను. వినుకోరిక వారికి పుట్టెను. క్రమముగా వారు ఆయనవద్ద ఫ్రెంచి, ఇంగ్లీషు నేర్చుకొన నారంభించిరి. మొదట అధికారులు పదునైదు దినములకొకమాఱు కావలివారిని మార్చుచుండిరి. ఎక్కువ దినము లుండినచో ఈతడు వారిని చెఱచునని వారి భయము. కొంతకాలమునకు మార్చుట మానిరి. మార్చుచుబోయినచో ఈతడు పోలీసువారి నందఱను చెఱచునని తెలిసికొనిరి!

విన్ ఫూలో నున్నప్పుడు, ఒకనాడు కట్టెలు కొట్టుచు, చిన్న కొయ్యముక్కను సిలువగా చెక్కుకొనుటకు ఆయన కావలివాని యనుమతి కోరెను. మతచిహ్నములు నిషిద్ధములు, అయినను ఆ కావలివాడు చూచియు చూడనట్లుండెను. ఆ సిలువను ఆయన సబ్బుముక్కలో దాచియుంచెను. తరువాత మఱియొక చెఱలో, దానికి గొలుసు చేసికొనుటకు కరెంటు తీగ కావలెనని మఱియొక కావలివాని నడిగెను. ఖైదీకి తీగ యిచ్చిన ఉరివేసికొనునేమో యని వాడు జంకెను. మూడు దినములకు వాడే తీగయు పటకారును తెచ్చి, ఇరువురును కూర్చుండి గొలుసు నల్లిరి. ఆ కొయ్యసిలువను, ఆ తీగగొలుసును ఆయన విడుదలయైన పిదప గూడ మెడలో ధరించెను. దాని విలువ కొయ్యలో లేదు. కావలివాని చేయి దానికి తగిలినది కనుక విలువ.

ఇంకొక చిన్న కథ. శ్రీసభ పత్రములను చదివి తెలిసికొనుటకై అధికారులు కొందఱు లాటిను నేర్చుకొనుచుండిరి. వారిలో నొకడు లాటినుపాట యేదైన నేర్పుమనెను. ఆయన కొన్ని పాటలు వినిపింపగా, పవిత్రాత్మ నాహ్వానించు ప్రాచీనస్తోత్రమును వా డెన్నుకొనెను. పిమ్మట ప్రతి యుదయము ఏడు గంటలకు, ఆ కమ్యూనిస్టు పోలీసువాడు కొయ్యమెట్లు దిగి వ్యాయామమునకును స్నానమునకును పోవుచు, ఆ స్తోత్రమును గొంతెత్తి పాడుచుండెను. మొదట ఆయనకు ఆశ్చర్యము కలిగెను. తరువాత, తాను ప్రార్థింపజాలని దినములలో తనకొఱకు వేఱొకడు ప్రార్థించుచున్నట్లు తోచెనట.

ఇది మెతకదనమని కొందఱ కనిపింపవచ్చును. అన్యాయము చేసినవారిని ఎదిరింపక ప్రేమించుట పిఱికితనము కాదా? విచారించి చూడుడు. నిషేధించిన పూజను ఆయన ఒక్కదినమును మానలేదు. నిషేధించిన రాత మానలేదు. నిషేధించిన సిలువ విడువలేదు. ఎదిరింపవలసినచోట ఎదిరించుచునే యుండెను. కాని ఆజ్ఞ నెదిరించెను, ఆజ్ఞను మోయు మనుష్యుని ద్వేషింపలేదు. సత్యాగ్రహమను పేర మన దేశము లోకమునకు చూపిన మార్గము ఇదియే కదా! ఆ పదము నెఱిగిన మనకు ఈ మేత్రాణులను అర్థము చేసికొనుట కష్టము కాదు.

1988 జూన్ 19న పోపు రెండవ జాన్ పౌలుగారు రోమునగరమున వియత్నాము హతసాక్షులు 117 మందిని పునీతులుగా ప్రకటించిరి. అప్పటికి థువాన్ ఇంకను నిర్బంధములోనే యుండెను. అయిదు నెలలకు, నవంబరు 21న, దేవమాత యుత్సవ దినముననే, ఆయనకు అంతరంగికమంత్రినుండి పిలుపు వచ్చెను. ఏదైన కోరిక కలదా యని మంత్రి యడుగగా, విడుదల కోరుచున్నాననెను. ఎప్పుడని యడుగగా, నేడే యనెను. మంత్రి విస్మయపడగా, ఆయన నవ్వుచు లెక్క చెప్పెనట: తాను చెఱలో నుండగా ముగ్గురు పోపులు గడచిరి, సోవియటు దేశమున బ్రెజ్నెవు, ఆంద్రోపోవు, చెర్నెంకో, గోర్బచేవు అని నలుగురు ప్రధానకార్యదర్శులు గడచిరి, ఇంక చాలదా? మంత్రియు నవ్వెను. విడుదల వచ్చెను. పదుమూడేండ్ల బాధను నవ్వుగా మార్చి యెదుటివానికి చేయూతగా నీయగలుగుట మహాపురుషలక్షణము.

అయినను ఆయనకు పని చేయు స్వేచ్ఛ రాలేదు. 1991లో విదేశమునకు వెడలగా, తిరిగి రానీయలేదు. ప్రవాసియై రోమునగరమున నుండెను. న్యాయశాంతి వ్యవహారముల వాటికను సంఘమునకు 1998లో అధ్యక్షుడయ్యెను. 2000వ సంవత్సరమున తపస్సుకాలమునందు, పోపుగారికిని వారి పరివారమునకును ధ్యానోపన్యాసము లొసగుటకు ఆయననే పిలిచిరి. చెఱసాలకథలే అచట బోధలైనవి. 2001 ఫిబ్రవరి 21న కార్డినలు పట్టము వచ్చెను. 2002 సెప్టెంబరు 16న రోమునందే కన్ను మూసెను. స్వదేశపు మట్టి ఆయన కందలేదు. 2007లో పోపు పదునాఱవ బెనెడిక్టుగారు ఆశను గూర్చి వ్రాసిన లేఖయందు ఈయన యేకాంతవాసమును స్మరించిరి. 2017 మే 4న ఆయన సద్గుణములు అసామాన్యములని శ్రీసభ ప్రకటించెను. 1975లో ఒక నియామకమునే కుట్ర యనిన ప్రభుత్వమువారు, 2023లో వాటికను ప్రతినిధి హనోయిలో నివసించుటకే సమ్మతించిరి. అప్పటి కుట్ర ఇప్పటి మైత్రి యయ్యెను. నడుమ పోయిన పదుమూడేండ్లను తిరిగి యిచ్చువా రెవరు?

మహాశయులారా! ఈ కథను విని, పరదేశపు కమ్యూనిస్టులను నిందించి, మనము తృప్తితో ఇండ్లకు పోవుట సులభము. అందులకై నేను దీనిని చెప్పలేదు. ఆ 1975వ సంవత్సరముననే, జూన్ 25న, మన దేశమున అత్యవసరపరిస్థితి ప్రకటింపబడెను. ఆగస్టు 15న థువాన్ సైగాన్‌లో పట్టువడిననాడు, మన చెఱసాలలలోను విచారణలేని ఖైదీలు వేలకొలది యుండిరి. స్వాతంత్ర్యోత్సవము నాడు స్వతంత్రభారతపు చెఱలో నున్నవారు వారు. ఆ నిర్బంధము 1977లో తొలగినది. మన ప్రజలు ఓటుచేత దానిని తొలగించిరి. వియత్నామునందు అట్టి వీలు లేకపోయెను. భేదము గొప్పదే, కాని గర్వింపదగినంత గొప్పదా?

దేశస్వాతంత్ర్యము వేఱు, దేశస్థుల స్వాతంత్ర్యము వేఱు. పరప్రభుత్వము పోయిననాడు మొదటిది వచ్చును. రెండవది, ప్రభుత్వమునకు నచ్చనివాని తలుపును రాత్రివేళ ఎవరును తట్టని నాడే వచ్చును. మనస్సాక్షి ననుసరించు వానిని విదేశీయుల దళారి యనుట సులభమైన నింద. అన్ని దేశములలోను, అన్ని కాలములలోను ప్రభుత్వములు దానిని వాడినవి. ఆ నింద నిజమైనచో న్యాయస్థానమున ఋజువు చేయవలెను. ఋజువు చేయజాలక తాళము వేసిన ప్రభుత్వము, తన బలమును గాదు, తన భయమును చాటుచున్నది.

థువాన్ తన దేశమును చివరివఱకు ప్రేమించెను. కావలివాడును ఆ దేశస్థుడే, బాలుడును ఆ దేశస్థుడే యని యెఱిగి యిరువురను ఒక్క విధముగా చూచెను. వానికి స్వాతంత్ర్య సౌధమను భవనమున స్వాతంత్ర్యము పోయెను. అరచేతిలోని నాలుగు బొట్లలో అది నిలిచెను. మన యింటి చెఱసాలలలో నేడు విచారణకొఱకు వేచియున్నవా రెవరో, వారివైపు ఒకమాఱు చూచి, వారి తరఫున అడుగవలసిన ప్రశ్నను అడుగుదుము గాక. ఈ మేత్రాణులకు మనము చేయగల స్మరణ అదియే.